తేనెపీక

"పారెయ్యవే ఆ డబ్బా! డబ్బాపాలు వద్దని నేను మొత్తుకోలేదూ?" ఎర్మీనియా గొంతులో కోపం కన్నా సంబరమే ఎక్కువగా ఉంది. మనవరాలు తాగే డబ్బాపాలలో విషక్రిమి ఉందని, కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంటోందని రేడియో అప్పుడే చెప్పింది.

కోడలు యానిన ఫోన్ స్పీకరులో పెట్టి ఆసుపత్రి నర్సుతో మాట్లాడుతోంది. ఉయ్యాలలో పిల్ల ఇంటి కప్పు లేచిపోయేలా ఏడుస్తోంది.

"ఉండవే నా బంగారం," అంటూ ఎర్మీనియా పిల్ల చప్పరించే రబ్బరు పీకను తేనెసీసాలో ముంచింది. తను పెంచిన తేనెటీగలు, తను తీసిన తేనె. మెండోసా రాష్ట్రం మొత్తంలో అంత స్వచ్ఛమైనది లేదని ఆమె ధీమా.

"పాప ఏడుపు నీరసంగా ఉందా?" నర్సు అడిగింది.

"మీకు వినబడట్లేదా?" అంది యానిన.

"అయితే మంచిదే. ఏడుపు తగ్గినా, కళ్ళు వాలిపోతున్నా వెంటనే తీసుకురండి. ఇంతకీ తేనె గానీ నాకించారా? ఆ క్రిమి తేనెలోనూ ఉండొచ్చు. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు."

"స్వచ్ఛమైన తేనె అయినా?" ఎర్మీనియా గొంతు తగ్గింది.

"ఎంత స్వచ్ఛమైనదైనా."

యానిన వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, చేతిలో ఏమిటది?"

ఎర్మీనియా తేనెపీకను గబుక్కున తన నోట్లో పెట్టేసుకుంది. పిల్ల రాగం పెంచింది.

"ఏడవనీవే," అంది ఎర్మీనియా, పీకను దవడకు తోసి. "చెవికి ఎంత హాయిగా ఉందో!"