అద్భుతాల మర్నాడు

స్వస్థత కూటం జరిగిన మర్నాడు పొద్దున్నే ప్రార్థన హాలు వెనక తలుపు దగ్గర చిన్న వరస ఉంటుంది. ముందు తలుపు దగ్గర ఎవరూ ఉండరు. వరసలో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

“మా పక్కింటాయన కళ్లజోడండీ. నల్ల ఫ్రేము,” అన్నాడొకాయన, తలుపు ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ.

కాపలాదారు ఏమీ అడగడు. లోపలి గదిలోకి వెళ్లి తెచ్చి చేతిలో పెడతాడు. కళ్లజోళ్లు, చెవి మిషన్లు, నడుం పట్టీలు, చంకకర్రలు. అన్నీ నిన్న “నాకిక అక్కర్లేదు, హల్లెలూయ!” అని వేదిక మీదికి విసిరినవే.

“ఏది మామ్మా మీది?” అనడిగాడు చెవి మిషను కోసం వచ్చిన ముసలావిణ్ణి.

“ఏడున్నర అయ్యుంటుంది నాయనా,” అందావిడ.

ఏళ్ల తరబడి గుట్టుగా సాగుతున్న ఈ వ్యవహారం కూటాలు జరిపించే కార్యదర్శి చెవిన పడింది. ఆయన మండిపడ్డాడు. ఆ మంటలోంచే ఆయనకో ఆలోచన పుట్టింది. చంకకర్రలన్నీ హాలు గోడకి తగిలించి, పైన పెద్దక్షరాలతో ‘చూసి నమ్మండి’ అని రాయించాలి.

“ఇకమీదట ఒక్క కర్ర బయటికి పోకూడదు. గోడ నిండితే హాలు నిండుతుంది,” అన్నాడు.

కాపలాదారే నిచ్చెనెక్కి మేకులు కొట్టాడు. పద్నాలుగు జతలు.

మూడో రోజున కుట్టుపని చేసుకునే ఒకావిడ వెనక తలుపు తట్టింది. ఆమె భర్త వేదిక మీద ఎనిమిదడుగులు నడిచాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తొమ్మిదో అడుగు ఇంటికెళ్లాక కూడా పడలేదు.

“బాత్రూముకి పాక్కుంటూ పోతున్నాడు బాబాయ్. కర్రలడిగితే విశ్వాసం లేదంటారని భయం. వీధి వీధంతా చూసింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని బయటికొస్తాడు?”

కాపలాదారు మళ్లీ నిచ్చెనెక్కాడు. మేకు సగం ఊడేసరికి కార్యదర్శి లోపలికొచ్చాడు.

“దిగు! అద్భుతాన్ని గోడ మీంచి పీకుతావా?”

“ఆ మనిషి పాకుతున్నాడండీ.”

“సందేహపడ్డాడు కాబట్టి పాకుతున్నాడు! అసలు నీకే విశ్వాసం లేదు. ఇన్నేళ్లు ఈ హాల్లో ఉన్నావు, ఒక్కనాడైనా లేచి ‘దేవుడు నాకీ మేలు చేశాడు’ అని సాక్ష్యం చెప్పావా? ఇన్ని అద్భుతాలు కళ్లారా చూసి కూడా రాయిలా ఉన్నావే!”

“దేవుణ్ణి నమ్ముతానండీ. కానీ ఆ మనిషి పాకుతున్నాడండీ.”

“తాళాలు అక్కడ పెట్టి వెళ్లు.”

కాపలాదారు తాళాలు బల్ల మీద పెట్టాడు. బయట ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“నా మూలంగా మీ నోటి దగ్గర కూడు పోయింది బాబాయ్.”

“సాయంత్రం మా ఇంటికి రామ్మా,” అన్నాడు.

ఇంట్లో సంగతి విన్న భార్య గిన్నె ఠపీమని కింద పెట్టింది.

“నోరు తెరిచి ఆ ఒక్క ముక్క చెప్పుంటే నిన్ను నెత్తిన పెట్టుకునేవాళ్లు కదా!”

“అదే నా భయం. నన్ను కూడా గోడకి తగిలించేవాళ్లు.”

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “రేపట్నుంచి ఏం తింటాం?” అంది. అతను స్టూలెక్కి అటక మీద వెతకడం మొదలుపెట్టాడు.

సాయంత్రం కుట్టుపనావిడ వచ్చేసరికి గుమ్మం పక్కన చంకకర్రల జత సిద్ధంగా ఉంది. చెక్క పాతదే, అడుగున రబ్బరు బిళ్లలు మాత్రం కొత్తవి. ఆమె మెడలోని టేపు తీసి అలవాటుగా కొలిచింది.

“కొలిచి చేయించినట్టున్నాయి, సరిగ్గా మా ఆయన ఎత్తే! ఎవరివి బాబాయ్? రేపు వాళ్లకి కావాల్సొస్తే?”

“నావేనమ్మా,” అన్నాడు కాపలాదారు, “పన్నెండేళ్ల కిందట జనమూ మైకూ లేని ఓ మధ్యాహ్నం, ఆ ఖాళీ హాల్లో ఒక్కణ్ణే ప్రార్థన చేసుకుని లేచాక, వాటితో మళ్లీ పని పడలేదు.”