చేతికందే వీపు

అరవై కిలోమీటర్లు దాటినా సత్యారావు వీపు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. పైడిబాబు ఎంత బలంగా తొక్కినా ఆ ఎడం తగ్గలేదు. కాళ్ళు సడలిస్తే పెరగనూ లేదు. ముందున్నవాడి చెమట గాలికి ఎగిరొచ్చి అతని మొహాన చిట్లుతోంది.

"గుంత!" సత్యారావు అరిచాడు. కాసేపటికి మళ్ళీ, "రాళ్ళు! పెద్దవి!"

బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర బయల్దేరినప్పట్నించీ ఇదే వరస. ఆ గొంతు వింటేనే పైడిబాబుకి ఒళ్ళు మండుతోంది. పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకే కుండలో అన్నం తింటున్నారు. కడుపులో మాత్రం కత్తులే.

పైడిబాబుకి ఇదే మొదటి సైకిలు పందెం. వంద కిలోమీటర్లు, అందులో సగానికి పైగా అడవిలో కంకర రోడ్డు. తెలిసి తెలిసి ఇందులో దిగడమంటే కొరివితో తల గోక్కోవడమే. అయినా ఇద్దరి పేర్లూ పట్టుబట్టి తనే ఇచ్చాడు. గెలవడానికి కాదు. డెబ్బై రెండో కిలోమీటరు దగ్గర కొండమలుపు ఉంది. ఎడమవైపు కట్టా లేదు, కంచే లేదు. కింద బండలు, సముద్రం. అక్కడ సత్యారావుని తోసెయ్యాలి. తర్వాత తనకేమైనా సరే.

పోర్ట్ బ్లెయిర్ కుర్రాళ్ళెవరో పక్కనించి దూసుకుపోతూ కేకేశారు. "వాహ్! జీజా సాలే కీ జోడీ!"

బావాబావమరుదుల జోడీయట. బావే. అక్క అమ్ములు మొగుడు. పైడిబాబు ఆ పిలుపు మానేసి పదిహేనేళ్ళయింది. ఏదైనా కావలసొస్తే "ఇదిగో" అంటాడు, అంతే.

పదిహేనేళ్ళ కిందట, హట్ బే రేవు ఊళ్ళో, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున. పైడిబాబుకి పద్నాలుగేళ్ళు. నల్లటి నీళ్ళు కొబ్బరిచెట్ల నడిమికి లేచి, పడవల్నీ ఇళ్ళనీ కలిపి నమిలేస్తున్నాయి. సత్యారావు ఒక చేత్తో చెట్టుని కరిచిపట్టుకున్నాడు. ఇంకో చేతిలో అక్క చెయ్యి. నీళ్ళలో కొట్టుకొస్తున్న పైడిబాబు అది స్పష్టంగా చూశాడు. ఆ చెయ్యి విడిపోవడమూ చూశాడు. అక్క నోరు తెరిచింది, నోట్లోకి నీళ్ళు పోయాయి. అంతలో ఇంటి రేకొకటి కొట్టుకొచ్చి పైడిబాబు మొహాన్ని అడ్డంగా కోసేసింది. అంతా చీకటి. ఆ చీకట్లో ఎవరిదో చెయ్యి జుట్టు పట్టుకుని లాగింది.

ఆ చెయ్యి సత్యారావుదే. అప్పుడే ఖాళీ అయిన చెయ్యి. తన ప్రాణం అక్కది లాక్కుని ఇచ్చిందేనని పైడిబాబు ఏనాడూ మరిచిపోలేదు, క్షమించనూ లేదు.

"మలుపు! కుడికి వంగు!" సత్యారావు అరిచాడు.

పైడిబాబు పంతంకొద్దీ ఎడమకి వంగాడు.

చక్రాలు జారాయి. ఇద్దరూ కంకర మీద పది గజాలు ఈడ్చుకుపోయారు. పైడిబాబు మోచేతి చర్మం చీరుకుపోయింది. నొప్పి సంగతి పట్టించుకోలేదు. రొప్పు వినిపించిన వైపు పాకి, చేతికి దొరికిన కాలరు పట్టుకుని గుద్దాడు. మొదటి దెబ్బ హెల్మెట్‌కి తగిలింది. రెండోది నోటికి. పిడికిలికి వెచ్చగా తడి అంటింది.

"అప్పనెందుకు ఒగ్గేసినావు? నన్నెందుకు లాగినావు? సెప్పు!"

సత్యారావు చెయ్యెత్తలేదు. ఇంకో రెండు దెబ్బలు తిన్నాక అన్నాడు. "రెండు సేతులే కదరా పైడీ. ఒకటి సెట్టుకుండిపోనాది."

ఇంకేమైనా అంటాడేమోనని పైడిబాబు ఆగాడు. రక్తం ఉమ్మిన చప్పుడు, ఊడిన చైను ఎక్కించిన చప్పుడు.

"ఎక్కరా. టైమైపోతంది."

మళ్ళీ అదే వీపు, అదే ఎడం. కొట్టినా పైడిబాబుకి కసి తీరకపోగా ఇంకా రగులుతోంది. ఎగువ ఎక్కారు. చెట్ల చల్లదనం పోయింది. ఉప్పుగాలి ఎడమ చెంపకి కొట్టింది. కింద అలలు బండల్ని బాదుతున్నాయి. మలుపు వచ్చేసింది.

పైడిబాబు ఎడమచెయ్యి వదిలి ముందుకి చాచాడు. అరచెయ్యి సత్యారావు వీపుకి ఆనింది.

సత్యారావు అరవలేదు. మెల్లగా అన్నాడు. "రెండు అడుగుల్లో సముద్రం. గోడ నేదు. తొయ్యాలనుంటే ఇదే జాగా."

"తెలుసా నీకు?"

"పేర్లిచ్చిన కాడి నుంచీ తెలుసు."

"తెలిసీ ఎందుకొచ్చినావు?"

"నువ్వొక్కడివీ ఎలాగొస్తావురా?"

చేతికింద ఆ వీపు గడగడా వణుకుతోంది. సత్యారావుకి భయమే. చచ్చేంత భయం. అయినా సైకిలు లోపలికి లాగలేదు, బ్రేకు వెయ్యలేదు. ఆ రోజు చెట్టు దగ్గరా ఇలాగే వణికాడని పైడిబాబుకి అప్పుడు గుర్తొచ్చింది. జుట్టు పట్టుకున్న చెయ్యి సాయంత్రం దాకా వణుకుతూనే ఉంది, వదల్లేదు. పైడిబాబుకి ఏడుపు తన్నుకొచ్చింది. అక్క కోసం వచ్చిందో, ఈ మనిషి కోసం వచ్చిందో తేల్చుకోలేకపోయాడు.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"తొక్కు," అన్నాడు. ఇంకో పది గజాలు పోయాక, "తొక్కు, బావా."

సత్యారావు ముక్కు ఎగబీల్చాడు. తర్వాత గట్టిగా, "గుంత!" అని అరిచాడు.

మిగతా ఇరవై ఎనిమిది కిలోమీటర్లూ నెత్తురోడుతూనే తొక్కారు. అందరికన్నా ఆఖరున బాంబూఫ్లాట్ చేరేసరికి, పందెం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క రెండు సీట్ల సైకిలు వచ్చేసిందనీ, ముందు సీటులో సత్యారావనీ, వెనక సీటులో సునామీ నాడు రెండు కళ్ళూ పోయిన అతని బావమరిది పైడిబాబనీ మైకులో చెప్పారు.