నాలుగింట మూడు

1987 సెప్టెంబరు పదకొండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం చంద్రమౌళి సార్ క్యారేజీలో అన్నం, అడుగంటిన వంకాయ కూర. మాడు నాలుకకి తెలుస్తూనే ఉంది. అయినా మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తింటూనే ఏడో తరగతి లెక్కల పరీక్ష దిద్దాడు.

చెయ్యి కడుక్కునే వేళకి ఒళ్ళు మండిపోయింది. తరగతి మొత్తానికి సున్నా.

ఆయన జూన్‌లో పలాస నుంచి బిలాస్‌పూర్ రైల్వే కాలనీ బడికి, తెలుగు సెక్షన్‌కి వచ్చాడు. అంతకు ముందు లెక్కలకి తెలుగు మాస్టారు లేక తివారీ గురూజీ హిందీలోనే నెట్టుకొచ్చాడు. వచ్చిన రోజు నుంచీ పిల్లలకి కొత్త సార్ అంటే పడదు. ఆయనకీ పిల్లలంటే పడదు. భార్య పోయాక ఆ మనిషికి నవ్వడం కూడా పోయిందని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునేవారు.

ఇన్నాళ్ళూ ప్లస్సులూ మైనస్సులూ చెప్పాడు. ఇక అకరణీయ సంఖ్యలు మొదలుపెట్టాలి. భిన్నాలు ఆరో తరగతిలోనే వచ్చి ఉండాలి కదా, చూద్దామని ఈ పరీక్ష పెట్టాడు. బోర్డు మీద రాయలేదు. లెక్క చెవిన పడగానే కాగితం మీదకి రావాలని ఆయన పట్టుదల. "సున్నా వచ్చినవాళ్ళు సోమవారం నుంచి ఆరో తరగతిలో కూర్చుంటారు. పరీక్షలో నోరు విప్పితే కాగితం లాక్కుంటా," అని ముందే చెప్పాడు.

కాగితాల కట్టతో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఊర్మిళ గొంతు వినబడింది.

"ఏయ్ చమ్చీ! నీ డబ్బా మాడు కంపు కొడతంది. అవతల కూకో."

"చమ్చీ అంటే సార్‌కి చెంచా కదా, దానికి సున్నా రాదులే," అన్నారెవరో.

చివరి బెంచీలో జ్యోతిర్మయి ఒక్కతే తింటోంది. ఆయన విన్నాడు. విననట్టే లోపలికి నడిచాడు.

"చేతులు చాపండి."

ఒక్కొక్కరికీ స్కేలుతో ఒక దెబ్బ. జ్యోతిర్మయి దగ్గర ఆగాడు.

"కనీసం నీకైనా రాలేదా?"

"తప్పయింది సార్."

ఆమెకి రెండు పడ్డాయి. తరగతి నోరు వెళ్ళబెట్టింది.

"అచ్ఛా! చమ్చీకే ఎక్కువ!"

సాయంత్రం బెల్లు కొట్టారు. ఊర్మిళ తల్లి మంగాయమ్మ, కూతుర్ని రెక్క పట్టుకుని, హెడ్మాస్టరు సన్యాసిరావు గదిలోకి దూసుకొచ్చింది. చంద్రమౌళి అక్కడే ఉన్నాడు.

"ఏటి మాస్టారూ, పిల్లలందర్నీ ఆరుకి దింపేత్తారంట?"

"లెక్క రాకపోతే మరేం చెయ్యాలి?"

"దింపితే దాని బాబు బడే మాన్పించేత్తాడు. మోప్కాలో మా ఆడబడుచు పిల్లల్ని ఎత్తుకోడానికి అంపేత్తాడు. తమరికేటి తెలుసు? పలాస నుంచి కలెక్టరుగోరు దిగినారు మాకు!"

"ఎవరు ఎక్కడికి పోతే నాకేం? దింపాల్సిందే. సంతకం పెట్టండి సార్," అన్నాడు చంద్రమౌళి.

సన్యాసిరావు కలం తియ్యలేదు. ఆయన సర్వీసంతా బిలాస్‌పూర్‌లోనే గడిచింది.

"ఒక్కరైనా సరిగ్గా రాశారా?"

"ఒక్కరూ లేరు."

"ఒక్క పిల్ల రాసి ఉంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి మాస్టారూ. మిగతావాళ్ళు చదవలేదనుకునేవాణ్ణి. తరగతికి తరగతే తప్పిందంటే నాకేదో తేడాగా ఉంది."

గోడకున్న బోర్డు చూపించి ఊర్మిళ చేతికి సుద్దముక్క ఇచ్చాడు. "పొద్దున్న చెప్పినట్టే చెప్పండి."

"నాలుగింట మూడుకి అయిదింట రెండు కలుపు," అన్నాడు చంద్రమౌళి, పళ్ళు బిగబట్టి.

ఊర్మిళ నాలుగు పైన వేసి, గీత గీసి, కింద మూడు వేసింది. అయిదు పైన, రెండు కింద. చకచకా కలిపింది. పైన ఇరవైమూడు, కింద ఆరు.

"కింద ఇరవై రావాలి!" అన్నాడు చంద్రమౌళి.

సన్యాసిరావు నవ్వాపుకోలేకపోయాడు. "తివారీ నేర్పింది 'తీన్ బటా చార్' మాస్టారూ, మూడు బై నాలుగని. ముందు విన్న అంకె పైన, తర్వాత విన్నది కింద. మీరు కింది అంకె ముందు చెబుతున్నారు. పిల్లలు విన్న వరసలోనే రాసుకున్నారు. కలపడంలో తప్పెక్కడుంది?"

చంద్రమౌళి బోర్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే తప్పెవులిది మాస్టారూ? చెప్పండి!" అంది మంగాయమ్మ. జవాబు కోసం ఆగలేదు. కూతుర్ని లాక్కుని పోయింది.

"ఈ పరీక్ష లెక్కలోకి రాదు. సోమవారం నుంచి భిన్నాలు మొదట్నించీ చెప్పండి," అన్నాడు హెడ్మాస్టరు.

వరండాలో జ్యోతిర్మయి సంచీ తగిలించుకుని నిలబడి ఉంది. బడి అప్పటికే ఖాళీ అయింది. ఆయన ఆమె ముందు ఆగాడు.

"నీకు తెలుసు. నాలుగింట మూడంటే ఏది పైన రాయాలో నీకు బాగా తెలుసు."

"తెలుసు సార్."

"మరి?"

"నా ముందు బెంచీలో ఊర్మిళ తిరగేసి రాస్తోంది. దాని పక్క పిల్లా అంతే. అందరూ అంతే."

"లేచి చెప్పొచ్చుగా?"

"నోరు విప్పితే కాగితం లాక్కుంటానన్నారు కదా సార్."

ఆయన కాగితాల కట్టని చంకలోకి మార్చుకున్నాడు.

"నేనొక్కదాన్నే సరిగ్గా రాస్తే మీరు గెలిచేవారు సార్," అంది జ్యోతిర్మయి, తల దించుకుని. "వాళ్ళందరూ ఆరులో కూర్చునేవారు."

"నిన్ను చమ్చీ అనే పిల్లల కోసమా?"

ఆమె కుడిచేతిని లంగా మడతల్లో దాచుకుంది.

ఆ రాత్రి చంద్రమౌళి సార్ మిగిలిన వంకాయ కూరే మళ్ళీ తిన్నాడు. మాడిందని అనలేదు. గిన్నెలు కడిగి బోర్లించాడు. లోకో షెడ్డు వైపు ఇంజను ఒకటి కూసి ఊరుకుంది.

"నేనేస్తాలే నాన్నా," అంటూ గొళ్ళెం అందుకోబోయిన జ్యోతిర్మయి వాచిన చేతిని మెల్లగా పక్కకి తప్పించి, చంద్రమౌళి సార్ తమ క్వార్టర్ తలుపు తనే చప్పుడు కాకుండా వేశాడు.