గొట్టం తీసిన తెల్లారి

"ఇయ్యాల నీ రక్తం తియ్యరు. ఇంటికి పో తమ్మీ."

సర్కారు దవాఖానలో రక్తపరీక్షల గది ముందు బెంచీ మీద కూర్చున్న ఖాకీ అంగీ మనిషి ఆ మాట అనగానే బాలమల్లుకు కడుపు మండిపోయింది.

సిరిసిల్ల నుంచి మొదటి బస్సు పట్టుకుని కరీంనగర్ వచ్చాడతను. వచ్చింది వాపసు పోవడానికా?

పదిహేను రోజుల కింద అతనికి ఉన్నట్టుండి మూత్రం బందైంది. ఊళ్లో డాక్టరు గొట్టం వేసి పానం నిలబెట్టాడు. గొట్టం ఉండగానే రక్తం తీసి హైదరాబాద్ పంపాడు.

అప్పుడప్పుడే వచ్చిన కొత్త పరీక్ష అది. పీఎస్‌ఏ అంటారు. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ఒక పదార్థం ఎంతుందో చెబుతుంది. మామూలుగా నాలుగు లోపుండాలి.

బాలమల్లుకు ఇరవై ఆరు వచ్చింది.

"క్యాన్సర్ లెక్క కనబడుతున్నది. కరీంనగర్ పోయి పెద్ద డాక్టరుకు చూపించు. మళ్లీ గంతే వస్తే, అది పెరగకుండ వృషణాలు తీసెయ్యాలె" అన్నాడు ఊరి డాక్టరు.

ఆ మాట భార్య గంగుబాయికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేకపోయాడు బాలమల్లు. ఆ రోజే తన రెండు మరమగ్గాలూ ఆపేశాడు.

"ఎందుకు తియ్యరు? పెద్ద డాక్టరే చిట్టీ రాసిచ్చిండు!"

"గొట్టం ఎన్నడు తీసిండ్రు?" ఖాకీ అంగీ మనిషి అడిగాడు.

"నిన్న."

"జరం గిట్ల వచ్చిందా?"

"వచ్చింది. గోళీలు మింగుతున్న. అయితే ఏంది?"

"అయితే నీ రక్తం ఇయ్యాల అబద్ధం చెప్తది. గొట్టం రాపిడికి, లోపలి చీముకు గూడ ఆ లెక్క పైకి పోతది. క్యాన్సర్ ఉన్నోనికీ పెరుగుతది, లేనోనికీ పెరుగుతది."

బాలమల్లు చేతిలోని చిట్టీ తీసుకుని అతను లోపలికి పోయాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. చిట్టీ కింద ఇంగ్లీషులో ఒక ముక్క కొత్తగా ఉంది.

"ఆరు వారాలు ఆగి రమ్మని లోపలి డాక్టర్ మేడం రాసింది. గోళీలు మాత్రం బంద్ చెయ్యకు."

"ఆరు వారాలా? అప్పటిదాంక ఉంటనో పోతనో! సర్కారు జీతం తినుకుంట బెంచీ మీద కూసుంటవ్. పని చెయ్యబుద్ధి గాక జనాన్ని తిప్పుతవ్. మీకు మనిషి పానమంటే లెక్కలేదు!"

వరండాలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు.

ఆ మనిషి కోపం తెచ్చుకోలేదు. "ఫికర్ జెయ్యకు తమ్మీ" అని, రెండు చేతులూ ఆనించి మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు.

బాలమల్లు పెద్ద డాక్టరు మధుసూదన్‌రావు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాడు.

ఆయన చిట్టీ చదివి నాలుక కరుచుకున్నాడు. "గొట్టం సంగతి నేను రాయకపోతిని. ఆగుదాం."

ఇంటికొచ్చి మంచమెక్కిన మొగుణ్ని గంగుబాయి పండుకోనియ్యలేదు.

"పండుకుంటే రోగం పోతదా? లే. మగ్గం నడుపు" అంది.

ఆరు వారాలు మగ్గం చప్పుడులో భయాన్ని అణుచుకున్నాడు.

మళ్లీ వచ్చి రక్తమిచ్చాడు. ఆ రోజు బెంచీ మీద ఖాకీ అంగీ కనబడలేదు. మంచిదే అయిందనుకున్నాడు.

పది రోజులకు కాగితం వచ్చింది.

మూడున్నర!

మధుసూదన్‌రావు రెండుసార్లు చదివాడు. అయినా ఒక్క అంకెను నమ్మి ఊరుకోలేదు. వేలితో గ్రంథిని తడిమి చూశాడు, సూదితో దాంట్లోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాడు. వాటిలోనూ క్యాన్సర్ లేదు.

"వయసుకు ఉబ్బిన గ్రంథి, అంతే. వెంట్రుకలు నెరిసినట్టు. మూత్రానికి అడ్డమున్న కండ తీసేస్తే సాలు" అన్నాడు.

ఆపరేషనైన నాలుగో రోజు గొట్టం తీశారు. బాలమల్లు గోడ పట్టుకుని పాయఖానకు పోయాడు. తిరిగొచ్చి వార్డు మధ్యలో నిలబడి గట్టిగా అరిచాడు.

"ధార పడ్డది! ఇరవై ఏండ్ల పొలగాని లెక్క పడ్డది!"

వార్డంతా ఒక్కటే నవ్వు. మూలమంచం ముసలాయన చప్పట్లు కొట్టాడు.

గంగుబాయి వాడకట్టంతా శక్కెర పంచింది.

నెల తిరక్కుండానే బాలమల్లు రెండు కొత్త తువ్వాలలు సంకన పెట్టుకుని కరీంనగర్ వచ్చాడు. నేరుగా రక్తపరీక్షల గదికి పోయాడు. అక్కడి డాక్టరమ్మ నర్మద.

"బయట బెంచీ మీద ఉండె ఖాకీ అంగీ ఆయన ఏడి మేడం? ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టిన. కాళ్లు మొక్కి పోత."

నర్మద రాస్తున్న పెన్ను ఆపింది.

"హనుమండ్లా? పోయిన నెలనే వాళ్లూరు లక్సెట్టిపేటల చనిపోయిండు."

బాలమల్లు సంకలోని తువ్వాలలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చిట్టీల మీద గొట్టం సంగతి ఎవ్వరూ రాయరు. నేనొకసారి చెప్పిన ముచ్చట పట్టుకుని, ఆయనే బయట ఒక్కొక్కరిని అడిగి నాకొచ్చి చెప్పేటోడు. అట్ల పదకొండు మందిని ఆగమన్న. తొమ్మిది మందికి లెక్క దిగింది. ఇప్పుడు నేనే అందరినీ అడిగినంకనే సూది పడుతున్న."

బాలమల్లు కండ్లు తుడుచుకున్నాడు. "గసొంటి నౌకరు మీకు ఏడ దొరికిండు మేడం?"

"నౌకరు కాదు, లారీ డ్రైవరు" అంది నర్మద. "నీ తీర్గనే ఇదే పరీక్షకు నెలనెలా రక్తమియ్యడానికి వచ్చేటోడు, ఆయన లెక్క మాత్రం వచ్చిన ప్రతిసారీ పెరుగుకుంటనే పోయింది."