మారుగొంతు

గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే మరియకుమారికి పొద్దస్తమానం చేతులు ఖాళీ ఉండవు. అందుకే అందరిలాగే ఆమె కూడా ఫోనులో మారుగొంతు పెట్టించుకుంది. మనిషి పనిలో ఉంటే, ఆ మనిషిలాగే అది జవాబులిస్తుంది, పోస్టులూ పెడుతుంది. కాలేజీ హాస్టల్లో ఉన్న కూతురు స్టెల్లాకీ ఒకటుంది. పిల్ల చదువులో మునిగిపోయినా పేజీ మాత్రం రోజూ కళకళలాడుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం టీ తాగుతూ చూస్తే కొత్త పోస్టు: "ఇవాళ వంకాయ కూర అదిరింది!"

మరియకుమారి టీ గ్లాసు పక్కన పెట్టేసింది. వంకాయ తింటే స్టెల్లాకి ఒళ్ళంతా దద్దుర్లు. ఇది రాసింది పిల్ల కాదు.

పిల్లనే అడిగితే మళ్ళీ మారుగొంతే పలుకుతుందని, కారం చేతులతోనే దాని క్లాసు గ్రూపులో అడిగింది. "మా స్టెల్లా ఎలా ఉందమ్మా?"

రెప్పపాటులో నలభై జవాబులు. "సూపర్‌గా ఉంది ఆంటీ!" అన్నిట్లోనూ అదే మాట. పది నిమిషాలకు ఇంకొకటి వచ్చింది.

"ఆంటీ, నేను పక్క మంచం హేమలతని. నిజంగా నేనే రాస్తున్నా. నాలుగు రోజుల్నించి దానికి ఒళ్ళు కాలిపోతోంది. తొందరగా రండి."

"నాలుగు రోజులా! నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మొదటి రోజే మీకు రాసింది ఆంటీ. పైకి వెళ్ళి చూడండి."

స్టెల్లా మెసేజులు తెరిచి పైకి జరిపింది. "అమ్మా, జ్వరంగా ఉంది. వచ్చి తీసుకెళ్ళవా?"

దాని కిందే తన ఫొటోతో, అచ్చం తన మాటల్లోనే జవాబు: "మంచిది బుజ్జీ. వేళకి తిని, బాగా చదువుకో."