సిలబస్‌లో లేని ప్రశ్న

"సార్, మల్టీకాస్ట్ ఎప్పుడు చెప్తారు?"

మొదటి బెంచీలోంచి మామగారు మళ్లీ చెయ్యెత్తారు. నెట్‌వర్కింగ్ క్లాసు చెబుతున్న అల్లుడికి ఒళ్లు మండింది. రిటైరై కూతురింటికొచ్చాక ఊసుపోకపోతే ఏ చదరంగమో ఆడుకోవచ్చు కదా. వచ్చి వచ్చి ఈయన అల్లుడి బ్యాచ్‌లోనే చేరారు.

"అది మీ సర్టిఫికెట్ పరీక్షలో రాదండీ. పై కోర్సులో ఉంటుంది."

"పరీక్షలో రానిది చెప్పకూడదని రూలుందా సార్?"

క్లాసంతా నవ్వింది. "మాకూ చెప్పండి సార్," అని వెనక బెంచీలు వంత పాడాయి.

"రేపు చెప్తాను," అని అల్లుడు గబగబా బోర్డు తుడిచేశాడు.

ఇంటికి రాగానే భార్య మీద పడ్డాడు. "మీ నాన్న నా పరువు తీస్తున్నారు. రోజూ అదే ప్రశ్న."

ఆమె బట్టలు మడతపెడుతూ తలైనా ఎత్తలేదు. "పెద్దాయన, సరదా పడుతున్నారు. చెప్పేస్తే పోలా?"

"చెప్పాలంటే ముందు నాకు రావాలి కదా." గొంతు తగ్గించాడు. "పరీక్షకి చదివినప్పుడే ఆ పాఠం వదిలేశాను. మిగతావాటితో గట్టెక్కాను. వచ్చే సోమవారం మా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ ముందు, పై కోర్సు చెప్పే అవకాశం కోసం డెమో క్లాసు. ఏ పాఠమో అప్పటికప్పుడు చెప్తాడు. ఇంకేదిచ్చినా దున్నేస్తాను. ఇదొక్కటీ ఇచ్చాడో, ఇక ఆ కోర్సు మీద ఆశ వదులుకోవడమే."

"సోమవారం సంగతి తర్వాత. ముందు రేపు మా నాన్నకి ఏం చెప్తారో చూసుకోండి."

దాంతో పౌరుషం వచ్చింది. పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. అర్థం కానంతసేపూ జుట్టు పీక్కున్నాడు. అర్థమయ్యాక, ఇంతేనా అని తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాడు క్లాసులో ఆగకుండా చెప్పాడు. "ఒకే వీడియోని ఒక్కొక్కరికీ విడివిడిగా పంపితే యూనికాస్ట్. కావాలన్నా వద్దన్నా అందరి మీదా కుమ్మరిస్తే బ్రాడ్‌కాస్ట్. మల్టీకాస్ట్‌లో పంపేది ఒక్క కాపీయే. నాక్కావాలని గ్రూపులో చేరినవాళ్ల వైపే వెళ్తుంది. దారి చీలిన చోటే రౌటర్ ఇంకో కాపీ తీస్తుంది."

మామగారు ఊరుకుంటారా. "చేరినవాడు చెప్పకుండా వెళ్లిపోతే సార్?"

"ఎవరైనా ఉన్నారా అని రౌటర్ మధ్యమధ్యలో అడుగుతుంది. ఎవరూ పలక్కపోతే పంపడం ఆపేస్తుంది."

"మా ఇంట్లో కాఫీ కూడా అంతే సార్. పిలిచినప్పుడు పలక్కపోతే ఇక రాదు."

ఈసారి అల్లుడు కూడా నవ్వాడు. ఆ వారమంతా మామగారు ప్లీడరులా ప్రశ్న మీద ప్రశ్న వేశారు. అల్లుడు రోజూ ఇంటికెళ్లి పుస్తకం తిరగేస్తూనే ఉన్నాడు.

సోమవారం డైరెక్టర్ కళ్లజోడు తుడుచుకుంటూ, "మల్టీకాస్ట్ చెప్పండి. దీని దగ్గరే అందరూ తడబడుతున్నారు," అన్నాడు.

అల్లుడు బోర్డు దగ్గరికి నడిచాడు. ఆ తర్వాత నోటికి అడ్డూ ఆపూ లేదు. డైరెక్టర్ వేసిన చిక్కు ప్రశ్నలన్నీ మామగారు ఎప్పుడో అడిగేసినవే. పై కోర్సు అక్కడికక్కడే చేతికొచ్చింది.

ఇంటికొస్తూనే మామగారి కుర్చీ పక్కన చతికిలబడ్డాడు.

"మామయ్యా, కోర్సు నాకిచ్చేశారు. మీరు వెంటపడకపోయుంటే ఇవాళ నోరెళ్లబెట్టేవాణ్ణి. మిమ్మల్ని మనసులో ఎంత తిట్టుకున్నానో, క్షమించండి. ఇంతకీ మీకు మల్టీకాస్ట్ మీద ఇంత మోజెలా పుట్టింది?"

మామగారు వంటింటి వైపు ఓసారి చూసి, నెమ్మదిగా అన్నారు.

"మోజా? ఆ మాట పలకడానికే నాకు నోరు తిరగలేదు బాబూ. నువ్వు పరీక్షకి ఆ పాఠం వదిలేయడం అప్పుడే కనిపెట్టి, నన్ను నీ క్లాసులో చేర్పించి, నీ పుస్తకం చూసి రోజూ పొద్దున్నే ఏమడగాలో బట్టీ పట్టించి పంపింది మా అమ్మాయి."