రాణి రూపాయి

"మార్చి దాటితే విక్టోరియా రాణి వెండి రూపాయి అంగట్లో చెల్లదు. యుద్ధమొస్తే లోకమంతా వెండిని దాచుకుంటుంది. అందుకే సర్కారు ఆ వెండిని వెనక్కి తీసుకుంటోంది," అంటున్నాడు బళేపేట సత్రంలో ఉపన్యాసమిస్తున్న కాలేజీ మేష్టరు.

పిల్లమ్మను అక్కడికి లాక్కొచ్చింది పక్కింటి భాగీరథమ్మ. మొగుడు పోయి మూడు నెలలైనా పిల్లమ్మ కంట చుక్క రాల్చలేదు. రోజూ పొద్దున్నే ఆయన చెప్పులు తుడిచి గడప దగ్గర పెడుతోంది. నలుగురిలో కూర్చుంటే కాస్త తేరుకుంటుందని భాగీరథమ్మ ఆశ.

పిల్లమ్మ కూర్చున్నచోటు నుంచే అడిగింది. "మా ఇంటాయన్ని మట్టి చేసేటప్పుడు నుదుట ఆ రాణి రూపాయే పెట్టి పంపినాం. అదీ చెల్లదా అప్పా?"

సత్రమంతా గొల్లున నవ్వింది.

"ఆడ కూడా బ్యాంకు ఉండాదేమో, మార్చుకుంటాడులే అక్కా!" అన్నాడు ఇనుప సామాన్ల కృష్ణప్ప.

మేష్టరు నవ్వలేదు. "ఎవరి రూపాయి వాళ్ళే గడువులోగా తెచ్చి మార్చుకోవాలమ్మా," అని పాఠం చెప్పినట్టే చెప్పాడు.

"ఆయప్ప తేలేడు కదప్పా," అంది పిల్లమ్మ.

ఆ మాట వేరెవరో అన్నట్టు తలెత్తి చూసింది. తర్వాత భాగీరథమ్మ వైపు తిరిగింది.

"ఇంక రాడు కదా, భాగీరథీ."

భాగీరథమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పిల్లమ్మ విడిపించుకోలేదు, ఏడవనూ లేదు. కృష్ణప్ప కాళ్ళకేసి చూసింది.

"గడప కాడ ఆయప్ప చెప్పులుండాయి. నీకు సరిపోతాయేమో, వచ్చి తొడిగి చూసుకోప్పా."